ఆటబొమ్మలు చెప్పు చరిత్ర

చరిత్ర అనగానే రాజులు, యుద్ధములు, కోటలు, శాసనములు జ్ఞప్తికి వచ్చుట సహజము. పిల్లలు ఆడుకొని పారవేసిన బొమ్మ చరిత్రకు ఎక్కదగిన వస్తువని సాధారణముగా ఎవరును తలంపరు. కాని పురావస్తు శాస్త్రజ్ఞుడు ఒక పాటిదిబ్బను త్రవ్వినప్పుడు అతనికి కిరీటములు దొరకుట బహు అరుదు. కుండపెంకులు, పూసలు, కాలు విరిగిన మట్టిబొమ్మలు మాత్రము తట్టలకొలది దొరకును. రాజు తన కీర్తిని తానే శిలపై చెక్కించుకొనెను. బిడ్డ తన ఆటను ఎక్కడను వ్రాయింపలేదు. కావుననే బొమ్మ చెప్పు సాక్ష్యమునకు ఒక ప్రత్యేకమైన విలువ కలదు. అది ఎవరినో మెప్పించుటకై చెప్పిన సాక్ష్యము కాదు.

తెలంగాణమునకు దక్షిణముననున్న నల్లగొండ, మహబూబునగరు ప్రాంతములు ఈ విషయమును పరిశీలించుటకు మిక్కిలి అనుకూలమైనవి. కృష్ణ, మూసీ, దిండి నదుల నడుమ వ్యాపించిన ఈ మెట్టభూమి నల్లరాతి గుట్టలతోను, చెరువులతోను, జొన్న, ఆముదపు చేలతోను, తాటివనములతోను నిండియున్నది. పాలమూరు అను పాతపేరుగల పట్టణమునకు 1890లో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ పేరిట మహబూబునగరు అను పేరు వచ్చినది. 2016లోను, 2019లోను జరిగిన పునర్విభజన వలన ఈ రెండు పాత జిల్లాలు పెక్కు క్రొత్త జిల్లాలైనవి. ఇచట ఆ పేర్లు పాత హద్దులనే సూచించును.

బూడిదదిబ్బలు, మట్టియెద్దులు

మహబూబునగరు జిల్లాలోని ఉట్నూరున ఒక పెద్ద బూడిదదిబ్బ కలదు. దానిని చూచిన పూర్వులు పురాణ రాక్షసుల బూడిదయనియో, పాత కొలుముల బూడిదయనియో ఊహించుచుండెడివారు. 1957లో ఎఫ్. ఆర్. ఆల్చిన్ అను పురావస్తు శాస్త్రజ్ఞుడు దానిని త్రవ్వి రహస్యమును విప్పెను. అది పశువుల పేడ పొరలుపొరలుగా పేరుకొని, మరల మరల కాలుట వలన ఏర్పడిన దిబ్బ. గుంజలు పాతి కట్టిన పశువుల దొడ్డి ఆనవాళ్ళు అందు బయల్పడినవి. బూడిదలో పశువుల గిట్టల ముద్రలు గూడ చెక్కుచెదరక నిలిచియున్నవి. ఇది క్రీస్తుకు పూర్వము మూడవ సహస్రాబ్ది నాటి నవీనశిలాయుగపు పశుపాలకుల స్థావరమని తేలినది.

కృష్ణకు ఆవల, నేటి కర్ణాటకలోని రాయచూరు జిల్లాయందలి పిక్లిహాలులో ఆల్చిన్ జరిపిన త్రవ్వకముల నివేదిక 1960లో వెలువడెను. ఆ కాలమునకే చెందిన ఆ స్థావరమున మూపురముగల ఎద్దుల చిన్న మట్టిబొమ్మలు దొరకినవి. నాలుగు కురుచ కాళ్ళు, చిటికెన వ్రేలంత కొమ్ములు, బొటనవ్రేలితో నొక్కి పైకి లేపిన మూపురము – ఇంతే వానిలోని పనితనము. వానిని చూచిన ఈ ప్రాంతపు రైతుబిడ్డకు ఎవరును వివరణ చెప్పనక్కరలేదు. చెరువుగట్టున తాను చేయు ఎద్దును అతడు వెంటనే గుర్తించును.

ఇచట ఒక శాస్త్రవిషయమును గమనింపవలయును. పచ్చిమట్టితో చేసి యెండబెట్టిన బొమ్మ ఒక వర్షమునకే కరిగి మరల మట్టియగును. అదే బొమ్మను కాల్చినచో, సుమారు 450 నుండి 600 డిగ్రీల సెంటిగ్రేడు ఉష్ణోగ్రత నడుమ మట్టి కణములయందు రసాయనికముగా బంధింపబడియున్న నీరు వెడలిపోవును. అటుపిమ్మట ఎంత తడిపినను అది మెత్తని మట్టి కాజాలదు. కావున నాలుగువేల యేండ్లు నిలిచి మనకు దొరకిన బొమ్మలన్నియు ఏదో యొక విధముగా నిప్పు తగిలినవే. తగలనివి ఎన్ని వందల రెట్లు ఉండెనో! పిల్లలు చేసిన వానిలో నూటికి తొంబదిపాళ్ళు పచ్చిమట్టివే కదా. అనగా మ్యూజియములోని బొమ్మల వరుస ఆనాటి ఆటకు పూర్తి పట్టిక కాదు. నిప్పు ఏరిపెట్టిన కొన్ని నమూనాలు మాత్రమే. దొరకని వస్తువు ఉండలేదని చెప్పరాదు అను సూత్రమును చరిత్ర విద్యార్థి ఇచటనే నేర్వవలయును.

బొమ్మయా, దేవతయా?

త్రవ్వకమున దొరకిన మట్టియెద్దు పిల్లల ఆటవస్తువా, పూజావస్తువా అను వివాదము పండితుల నడుమ చాలకాలముగా నున్నది. ఈ ప్రశ్నకు మహబూబునగరు పల్లెలు ఒక చక్కని సమాధానము చెప్పుచున్నవి. కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల, ఆలంపురపు సీమకు నడిగడ్డ యని పేరు. జ్యేష్ఠమాసమున ఏరువాక పున్నమి గడచిన పిమ్మట వచ్చు అమావాస్యను అచట మట్టెద్దుల అమావాస్య యందురు. ఆనాడు నల్లమట్టితో జోడెద్దులను చేసి, ఇంట నిలిపి, పూజించి, నైవేద్యము పెట్టుదురు. ఎల్లపొద్దుల ఉత్తర కర్ణాటకమున సైతము ఈ పండుగ కలదు. అచట దీనిని మన్నెత్తిన అమావాస్య యందురు. తొలకరి వానలకు దుక్కి సాగవలసిన తరుణమున ఎద్దునకు చూపు మన్నన ఇది.

ఈ ఎద్దులను చేయు చేతులలో పిల్లల చేతులును ఉండును. పండుగనాడు దేవతయైన ఎద్దు, పండుగకు ముందును తరువాతను ఆటయెద్దే. అదే మట్టి, అదే రూపము, అదే చేయి. కావున "బొమ్మయా, దేవతయా" అను ప్రశ్న వస్తువును చూచి తేల్చదగినది కాదు. దానిని ఏనాడు, ఎవరు, ఎట్లు వాడిరో తెలిసిననే తేలును. ఇట్లని నవీనశిలాయుగపు పశుపాలకుల ఆచారమే అవిచ్ఛిన్నముగా నేటి మట్టెద్దుల అమావాస్యగా వచ్చినదని నిశ్చయించుట గూడ తొందరపాటే యగును. రూపసామ్యము మాత్రమే సంప్రదాయమునకు ఋజువు కానేరదు. ఎద్దును నమ్ముకొని బ్రతికిన జనులు ఏ యుగమునందైనను ఎద్దు బొమ్మను చేయుట సహజము. నిశ్చయముగా చెప్పదగినది ఇంతే: ఈ నేలపై ఆ రూపమునకు నాలుగువేల యేండ్లకు పైబడిన వయస్సు కలదు.

అచ్చు వచ్చిన తరువాత

శాతవాహనుల కాలమున బొమ్మల చరిత్రలో ఒక పెద్ద మార్పు వచ్చినది. నేటి సంగారెడ్డి జిల్లాలోని కొండాపురమున 1940 మొదలు 1942 వరకు గులాం యజ్దానీ ఆధ్వర్యవమున నిజాము ప్రభుత్వ పురావస్తు శాఖవారు త్రవ్వకములు జరిపిరి. వేలకొలది నాణెములతోబాటు చక్కని మట్టిబొమ్మలు అచట బయల్పడినవి. ఇవి చేతితో పిసికి చేసినవి కావు. మెత్తని తెల్లసుద్దమట్టిని ముందు అచ్చు, వెనుక అచ్చు అను రెండు అచ్చులలో నొక్కి, ఆ రెండు సగములను అతికి, కాల్చి చేసినవి. లోపల గుల్లగా నుండుటచే తేలికగా నుండును, కాల్చునప్పుడు పగులవు.

అచ్చు అనునది సామాన్యమైన పనిముట్టు వలె కనిపించును. కాని దాని ఫలితములు గొప్పవి. చేతితో చేసిన రెండు ఎద్దులు ఎన్నడును ఒక్కటిగా నుండవు. అచ్చునుండి వచ్చిన నూరు బొమ్మలును ఒక్కటిగనే యుండును. చేతి బొమ్మకు చేసినవాడే యజమాని. అచ్చు బొమ్మకు అచ్చుగలవాడు యజమాని. చేతి బొమ్మ తయారీ తల్లినుండి బిడ్డకు, అన్ననుండి తమ్మునికి చూపులోనే సంక్రమించును. అచ్చు పగిలిననాడు అచ్చుబొమ్మల వంశము నిలిచిపోవును. ఇరువదవ శతాబ్దపు ప్లాస్టిక్ బొమ్మల కథను అర్థము చేసికొనుటకు ఈ భేదమే తాళపుచెవి.

బొమ్మలలోని ధనిక పేద తారతమ్యము గూడ ప్రాచీనమైనదే. శూద్రకుని మృచ్ఛకటిక నాటకమునకు ఆ పేరు ఒక ఆటబండి వలన వచ్చినది. పొరుగింటి బాలుని బంగారుబండిని చూచిన చారుదత్తుని కుమారుడు రోహసేనుడు, దాసి చేసి ఇచ్చిన మట్టిబండి తనకు వలదని ఏడ్చును. వసంతసేన తన నగలను తీసి ఆ మట్టిబండిలో నింపును. పిల్లవాని బొమ్మలో తండ్రి పేదరికము కనిపించునని నాటకకర్త ఆనాడే గుర్తించెను.

చేను ఇచ్చిన బండి, చెట్టు ఇచ్చిన చక్రము

నల్లగొండ, మహబూబునగరు పల్లెలలో ధనముతో పనిలేని బొమ్మలు కొల్లలుగా నుండెడివి. కోతలైన పిమ్మట జొన్నచొప్ప పిల్లల కర్మాగారమునకు ముడిసరుకు. దంటు పైనున్న గట్టి దబ్బను చీల్చినచో లోపల తెల్లని బెండు వెడలును. బెండును బిళ్ళలుగా కోసినచో చక్రములు. దబ్బను సన్నగా చీల్చినచో ఇరుసులు, కాడి, మేకులు. ఒక్క ఇనుపమేకైన లేకుండ ఎద్దుబండి, మంచము, కళ్ళజోడు, త్రాసు సిద్ధమగుచుండెను.

ఈ బెండుబండిలో నిర్మాణశాస్త్రపు మూలసూత్రమొకటి దాగియున్నది. ఒక కమ్మిని వంచినప్పుడు దాని పైయంచు సాగును, క్రిందియంచు నొక్కుకొనును. నడిమి భాగము సాగదు, నొక్కుకొనదు. కావున బలమంతయు అంచులయందే అవసరము. జొన్నమొక్క గట్టి దబ్బను వెలుపలను, తేలికయైన బెండును లోపలను పెట్టుకొని తక్కువ పదార్థముతో ఎక్కువ ఎత్తు పెరుగుచున్నది. సైకిలు చట్రమునకు గొట్టములను వాడుటయు, విమానపు పలకలలో రెండు పలుచని రేకుల నడుమ తేలికయైన పదార్థమును పెట్టుటయు ఈ సూత్రముననే. దబ్బను, బెండును వేరుచేసి దేనిని ఎచట వాడవలయునో నిర్ణయించిన బాలుడు పేరు తెలియకయే ఆ పాఠమును అభ్యసించెను.

వేసవి వచ్చినచో తాటిచెట్టు వంతు. గీతవృత్తివారు దించిన కాయలలో ముంజలు తినిన తరువాత మిగులు బుర్రలు రెండింటిని ఒక పుల్లతో కలిపినచో బండి. కొన పంగగానున్న పొడవాటి కర్రను ఆ పుల్లకు ఆనించి నెట్టుకొని పోవుదురు. రెండు బుర్రలును సమానముగా లేనిచో బండి తిన్నగా పోదు. చిన్నబుర్ర వైపునకు తిరుగును. ఒకే ఇరుసుతో కలిసి తిరుగు రెండు చక్రములలో పెద్దది ఒక చుట్టుకు ఎక్కువ దూరము పోవుటయే దీనికి కారణము. రైలు చక్రముల అంచులు ఏటవాలుగా నుండుటకును ఇదే ఆధారము. వంపులో వెలుపలి చక్రము పెద్ద చుట్టుకొలతపైనను, లోపలి చక్రము చిన్న చుట్టుకొలతపైనను దొర్లి బండి సుఖముగా తిరుగును.

తాటాకుతో గిరకలు, బుట్టలు, పెండ్లికూతురు పెండ్లికొడుకు బొమ్మలు చేసెడివారు. ఆడపిల్లలు బొమ్మరిండ్లు కట్టి బొమ్మల పెండ్లి జరిపెడివారు. వడ్రంగి చెక్కిన బొంగరము, నడక నేర్చు బిడ్డకు మూడుచక్రముల బండి, కుమ్మరి ఇచ్చిన చిట్టి గురుగులు, చిట్టి పొయ్యి – ఇట్లు గ్రామమునందలి ప్రతి వృత్తియు చిన్నరూపమున పిల్లల చేతికి వచ్చెను. ఆనాటి ఆటవస్తువులను ఒక చాపపై పరచినచో ఆ గ్రామపు ఆర్థిక వ్యవస్థయే కనులకు కట్టును.

అయితే గతమును బంగారుకాలముగా వర్ణించుట సత్యమునకు దూరము. పశువుల కాపరులుగను, జీతగాండ్రుగను పొట్టపోసికొనిన బిడ్డలకు ఆటయు పనియు వేరు కావు. ఆనకట్టలు, కాలువలు త్రవ్వుటలో దేశమంతట పేరొందిన పాలమూరు కూలీల కుటుంబములు పనివెంబడి ఊరూర తిరిగినవి. నెత్తిపై మోయగల మూటలో బొమ్మకు చోటెక్కడిది? ఎచట దిగిరో అచటి మట్టియే, అచటి పుల్లయే వారి పిల్లల ఆటవస్తువై యుండవలయును. దారిద్ర్యము నుండి పుట్టిన నైపుణ్యమును మెచ్చుకొనుట వేరు, ఆ దారిద్ర్యమును మెచ్చుకొనుట వేరు.

కథావీరుల బొమ్మలు

వీరుల బొమ్మలను వరుసగా చేసి, ఒక కథతో ముడిపెట్టుట పాశ్చాత్య వ్యాపారులు కనిపెట్టినదని పలువురు భావింతురు. తెలంగాణమున అంతకు మున్నే ఇట్టి పద్ధతి ఒకటి కలదు. గొల్లలకు కాటమరాజు కథను వినిపించు మందెచ్చులవారు కొయ్యబొమ్మలను పెట్టెలో పెట్టుకొని ఊరూర తిరుగుదురు. కథలోని పాత్ర ప్రవేశించినప్పుడు ఆ పాత్ర బొమ్మను తీసి ప్రేక్షకుల యెదుట నిలుపుదురు. కాటమరాజు ఆలమందల యేలిక; నెల్లూరి నల్లసిద్ధితో పుల్లరి, అనగా పశువుల మేతపన్ను విషయమున వచ్చిన తగవు యుద్ధముగా మారుటయే ఆ కథకు ప్రాణము. బూడిదదిబ్బల నాటి పశుపాలకుల నేలపై పశువుల మేతను గూర్చిన వీరగాథ బొమ్మలతో ప్రదర్శింపబడుట గమనింపదగిన విషయము.

ఇట్టి బొమ్మలకు చేర్యాల నకాషీ చిత్రకారులు ప్రసిద్ధులు. వీరు తేలికయైన పొణికి కొయ్యను చెక్కి, చింతగింజల జిగురును రంపపుపొట్టుతో కలిపి మెత్తి, సుద్దపూత పూసి రంగులు వేయుదురు. చింతగింజలోని పాలిసాకరైడు అను పిండిపదార్థము నీటిలో ఉడికినప్పుడు చిక్కని జిగురగును. ఆరిన తరువాత గట్టిపడును. నిర్మలు, కొండపల్లి బొమ్మలకును పొణికియే ఆధారము. ఇవి పిల్లలు నేలపై ఈడ్చి ఆడుకొను బొమ్మలు కావు. కాని గొల్లవాడలలో పుట్టిన పిల్లలు తమ వీరుల ముఖములను మొదట చూచినది ఈ బొమ్మలయందే.

జాతరకు వచ్చిన యంత్రము

పల్లెపిల్లలకు బజారు బొమ్మ అనగా జాతర బొమ్మయే. కురుమూర్తి జాతర, మన్నెంకొండ జాతర, చెరువుగట్టు జాతర, సూర్యాపేట చెంతనున్న దురాజ్‌పల్లి గొల్లగట్టు జాతర – వీనిలో గాలిగిరకలు, బూరలు, డప్పు వాయించుచు కదలు కాగితపు బండ్లు అమ్మకమునకు వచ్చెడివి. రైళ్ళు వచ్చిన పిమ్మట రేకుబొమ్మలు, సెల్యులాయిడ్ బొమ్మలు గూడ పల్లెదాక చేరినవి. మొదటి ప్రపంచయుద్ధమునకు పూర్వము ప్రపంచపు బొమ్మల వ్యాపారమున జర్మనీది అగ్రస్థానము. తరువాత జపాను దేశపు చవుకబొమ్మలు వ్యాపించినవి. 1870 ప్రాంతమున అమెరికాలో జాన్ వెస్లీ హయత్ రూపొందించిన సెల్యులాయిడ్ చూచుటకు దంతమువలె అందముగా నుండును గాని, అది నైట్రోసెల్యులోజుతో చేయబడినందున నిప్పురవ్వ తగిలినచో భగ్గున మండును. అందువలన బొమ్మలలో దాని వాడుక క్రమముగా నశించెను.

రేకుబొమ్మలలో పిల్లలను అబ్బురపరచినది టపటప పడవ. దీనికి ఇంగ్లండులో 1891లో థామస్ పియో అను నతడు పేటెంటు పొందెను. పడవలో చిన్న రేకుపెట్టె, దానినుండి వెనుకకు నీటిలోనికి పోవు సన్నని గొట్టములు, పెట్టె క్రింద చిన్న దీపము – ఇంతే యంత్రము. దీపపు వేడికి పెట్టెలోని నీరు ఆవిరియై గొట్టములోని నీటిని వెనుకకు నెట్టును. ఆవిరి చల్లబడి ముడుచుకొనినప్పుడు నీరు మరల లోనికి వచ్చును. వెలుపలకు పోవు నీరు ఒకే దిశగా ధారవలె పోవును. లోనికి వచ్చు నీరు గొట్టపు మూతి చుట్టునుగల అన్ని దిశలనుండి వచ్చును. ఈ భేదము వలననే పడవ ముందునకు సాగును. ఆవిరియంత్రమును ఎన్నడును చూడని పల్లెబిడ్డకు న్యూటను మూడవ సూత్రమును జాతర పళ్ళెములో చూపిన బొమ్మ ఇది.

ప్లాస్టిక్ వీరుడు

1933లో పాలిథిన్, 1954 ప్రాంతమున పాలిప్రొపిలీన్ కనుగొనబడినవి. కరగిన ప్లాస్టిక్‌ను ఉక్కు అచ్చులోనికి ఒత్తిడితో నింపు యంత్రములు వ్యాపించిన తరువాత కొన్ని క్షణములకొక బొమ్మ పుట్టసాగెను. కొండాపురపు జంట అచ్చు సూత్రమే ఇచటను, వేగమే వేయిరెట్లైనది.

1964లో అమెరికాలోని హాస్‌బ్రో సంస్థ జి. ఐ. జో అను సైనికుని బొమ్మను విడుదల చేసెను. అది సుమారు 12 అంగుళముల ఎత్తు కలది. మగపిల్లలు "బొమ్మ" అనిన చిన్నతనముగా భావింతురని తలచి, దానికి "యాక్షన్ ఫిగర్" అను క్రొత్తపేరు పెట్టిరి. 1973 తరువాత చమురు ధరలు పెరుగుటతో, చమురునుండియే పుట్టు ప్లాస్టిక్ ధరయు పెరిగెను. పెద్ద బొమ్మలు తగ్గుటకు అదియొక కారణము. 1982లో జి. ఐ. జో మూడు ముప్పాతిక అంగుళముల చిన్నరూపమున తిరిగివచ్చెను. అదే యేడు మాటెల్ సంస్థ హీ-మాన్ వీరుని బొమ్మలను తెచ్చెను. మొదట బొమ్మలు వచ్చినవి; వాని కథను చెప్పు కార్టూను 1983లో తరువాత వచ్చినది. కాటమరాజునకు కథ ముందు, బొమ్మ వెనుక; హీ-మాన్‌కు బొమ్మ ముందు, కథ వెనుక. వ్యాపారము బాల్యమున ప్రవేశించిన తీరును ఈ ఒక్క భేదమే తెలుపగలదు.

1987లో ఎం. ఆర్. ఎఫ్., హాస్‌బ్రో సంస్థలు కలిసి మనదేశమున ఫన్‌స్కూల్‌ను స్థాపించినవి. అమెరికాలో వాడి మానివేసిన జి. ఐ. జో అచ్చులు సముద్రము దాటి వచ్చినవి. వానినుండి వేరు రంగులతో బొమ్మలు మన అంగళ్ళకు చేరినవి. దూరదర్శన్‌లో హీ-మాన్‌ను చూచిన నల్లగొండ, పాలమూరు పట్టణముల పిల్లలలో కొందరికి ఆ వీరులు చేత చిక్కిరి. పెక్కుమందికి దుకాణపు అద్దము వెనుకనే యుండిపోయిరి. తరువాత ఆ వరుసలు ఒకటొకటిగా ఆగిపోయినవి. ఆనాటి పిల్లలు పెద్దవారై నేడు వానిని వెదకుచున్నారు.

ప్లాస్టిక్ శాశ్వతమైనదను మాట బొమ్మ విషయమున సగము నిజమే. చిన్న జి. ఐ. జో నడుమును కలిపియుంచునది ఒక రబ్బరు వలయము. గాలిలోని ఆక్సిజను, ఓజోనుల వలన రబ్బరు గట్టిపడి, బీటలువారి తెగును. వీరుడు రెండు ముక్కలగును. మెత్తని వినైలు బొమ్మలలో కలిపిన మెత్తబరచు ద్రవ్యములు కాలక్రమమున పైకి ఊరి జిగటయగును. ఎండలోని అతినీలలోహిత కిరణములకు తెల్లని ప్లాస్టిక్ పసుపుబారును. ఆడుకొనుటకు పనికిరాకుండ పోవుటకు 40 యేండ్లు చాలును. మట్టిలో కలియుటకు మాత్రము శతాబ్దములైనను చాలకపోవచ్చును. కాలిన మట్టియెద్దు ఇందుకు విరుద్ధము: నాలుగువేల యేండ్లైనను ఎద్దుగనే యుండును; పచ్చిమట్టి యెద్దో, ఒక్క వానకే చెరువును చేరును.

మరపు, జ్ఞాపకము

బాల్యవస్తువులపైని బెంగను పాశ్చాత్యులు "నోస్టాల్జియా" యందురు. ఈ మాటను 1688లో జొహనెస్ హోఫర్ అను స్విట్జర్లండు వైద్యవిద్యార్థి కల్పించెను. ఇల్లు విడిచి దూరదేశములందున్నవారికి వచ్చు వ్యాధిగా ఆతడు దానిని వర్ణించెను. నేటి మనస్తత్వ శాస్త్రజ్ఞులు దానిని వ్యాధిగా భావింపరు. ఒంటరితనమున మనస్సునకు ఊరట నిచ్చి, తనవారితోడి బంధమును గుర్తుచేయు సహజభావమని తలంతురు. మూడేండ్లలోపు సంఘటనలు పెద్దవారిలో ఇంచుమించు ఎవరికిని గుర్తుండవు. తరువాతి వానిలో చేతితో పలుమారులు చేసిన పని బలముగా నిలుచును. కొన్న బొమ్మ చిత్రమువలె గుర్తుండును. చేసిన బొమ్మ చేతికే గుర్తుండును. యాభై యేండ్లుగా మట్టి ముట్టని వృద్ధునికి ముద్ద ఇచ్చి చూడుడు. మూపురము ఎచట నొక్కవలయునో వ్రేళ్ళే చెప్పును.

ప్రజల ఆటపాటలును చరిత్రయేనని మొదట గట్టిగా చాటినవారు ఈ ప్రాంతమువారే. మహబూబునగరు సీమలో జన్మించిన సురవరం ప్రతాపరెడ్డి 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల వంశావళికి మారుగా జనుల తిండి, బట్ట, వేడుక, ఆటలను కావ్యములనుండి ఏరి కూర్చెను. 1955లో సాహిత్య అకాడమీ తెలుగునకిచ్చిన మొదటి బహుమతి ఆ గ్రంథమునకే లభించెను. కాని కావ్యములలో చేరని ఆటవస్తువులు ఇంకను ఎన్నో కలవు.

అవి నశించుటకు కారణములు స్పష్టముగనే యున్నవి. ట్రాక్టరు వచ్చి దుక్కిటెద్దు తగ్గినది. జొన్న విస్తీర్ణము తగ్గి ప్రత్తి పెరిగినది. చొప్పలేనిచో బెండుబండి లేదు. కృష్ణపై నల్లగొండ జిల్లాలోని ఏలేశ్వరము నాగార్జునసాగరపు నీటిలో మునిగినది. 1955లో శంకుస్థాపన జరిగి 1967లో కాలువలకు నీరు వదలిన ఆ ప్రాజెక్టు లక్షల ఎకరములకు ప్రాణము పోసినది. మునుగక ముందే అబ్దుల్ వహీద్ ఖాన్ నాయకత్వమున ఏలేశ్వరమున త్రవ్వకములు జరుపబడినందున సమాధులు, కట్టడములు గ్రంథమునకెక్కినవి. ఆ గట్టున పిల్లలు ఏ ఆటలు ఆడిరో ఎవరు వ్రాసికొనిరి? పెద్ద కట్టడమునకు లభించిన శ్రద్ధ చిన్నవస్తువునకు లభింపదు.

పాఠశాలలు చేయదగిన పని

మన ప్రభుత్వము 2020లో ప్రకటించిన ఆటబొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. భారతీయ ప్రమాణముల సంస్థ ముద్రలేని బొమ్మలను అమ్మరాదు. రంగులలోని సీసము పిల్లల మెదడునకు హాని చేయునని తెలిసిన పిమ్మట ఇట్టి పరీక్ష అవసరమే. నమోదైన హస్తకళాకారులకు ఇందు మినహాయింపు కలదు. కాని ఏ ఉత్తర్వును అమ్మకమునకు రాని బొమ్మను కాపాడజాలదు. మట్టియెద్దునకు, బెండుబండికి దుకాణము లేదు, అచ్చు లేదు. వానిని చేయు చేయి ఒక్కటే వాని ఉనికి. ఆ చేయి మరచిననాడు అవి లేవు.

ఈ పని ఉన్నత పాఠశాలలకు అసాధ్యమైనది కాదు. విద్యార్థులు తమ యింటి పెద్దలను అడిగి, వారు చిన్ననాట చేసిన బొమ్మ పేరు, ముడిసరుకు, చేయు ఋతువు, చేయు విధము వ్రాసికొనవచ్చును. పేర్లను ఆ ఊరి మాటలోనే వ్రాయవలయును. ఊరు మారినచో పేరు మారును, ఆ మార్పే భాషాశాస్త్రమునకు పనికివచ్చును. పెద్దల చేతనే ఒక్కొక్క బొమ్మను చేయించి, చేయు క్రమమును మెట్టుమెట్టుగా చిత్రించుకొనవలయును. కుమ్మరి ఆవమున్న ఊరిలో మట్టియెద్దును కాల్పించి భద్రపరుపవచ్చును. భౌతికశాస్త్రపు ఉపాధ్యాయుడు తాటిబుర్రల బండితో చక్రములను, రసాయనశాస్త్రపు ఉపాధ్యాయుడు కాలిన, కాలని మట్టిముద్దలతో పదార్థపు మార్పును బోధింపవచ్చును. రేగడితో చేసిన ఎద్దు ఆరునప్పుడు ఏల పగులును? ఇసుకయో, పొట్టో, బూడిదయో కలిపినచో ఏల పగులదు? రేగడిలోని సన్నని పొరల నడుమ నీరు చేరినప్పుడు మట్టి ఉబ్బును, ఆరినప్పుడు ముడుచుకొనును. కలిపిన ముతకద్రవ్యము ఆ ముడుచుకొనుటను తగ్గించును. ఈ ప్రయోగమునకు కావలసినది ఒక చెంబెడు నీరు, దోసెడు మట్టి.

అయితే ఒక జాగ్రత్త వలయును. ఆటలో కండ్లుగా పెట్టు గురివింద గింజలును, ఈ ప్రాంతమున విరివిగా పండు ఆముదపు గింజలును విషపూరితములు. చిన్నపిల్లలు నోటపెట్టుకొనకుండ చూడవలయును.

ప్లాస్టిక్ వీరులను వెదకి కొనువారికి వానిని చేసిన సంస్థల పట్టికలు, విడుదలైన యేండ్లు అచ్చులో దొరకును. మట్టియెద్దునకు అట్టి పట్టిక లేదు. దానిని చేసినవారు ఇంకను పల్లెలలో నున్నారు. వారి వయస్సు మాత్రము పెరుగుచున్నది. రానున్న జ్యేష్ఠ అమావాస్యకు చెరువులో మట్టియు, ఇంటిలో ఒక పెద్దయు ఉన్న ప్రతి విద్యార్థికిని ఆ పట్టికలో మొదటి పంక్తి వ్రాయు అవకాశము కలదు.